పోలికలు కాదు చిట్టీ, మార్పులు చూడు

హైదరాబాదు

చిట్టీ,

నీ వ్యాసం అందింది. తీరిగ్గా కూర్చుని చదివాను. దాని సంగతి తర్వాత, ముందు ఇంటి కబుర్లు. మీ నాన్న ఆదివారం ఫోన్ చేసి నా మీద తెగ విసుక్కున్నాడు. "నువ్వే దాన్ని చెడగొట్టావక్కా. కంప్యూటర్లు చదవాల్సిన పిల్ల అరబ్బీ, హీబ్రూ అంటూ ఢిల్లీలో కూర్చుంది" అన్నాడు. వాడి కోపంలో సగం బెంగేలే, పట్టించుకోకు. వీడియోలో చూసి నువ్వు చిక్కిపోయావని మీ అమ్మ చెప్పిందట. ఆ సగం మాత్రం పట్టించుకో. వేళకు తిను. అయిన్, గైన్‌ల సంగతి కడుపు నిండాక చూడొచ్చు.

ఇక నీ హాస్టల్ పోట్లాట. అరబ్బీయే హీబ్రూకు తల్లి అని ఒకమ్మాయి, కాదు హీబ్రూయే అన్నిటికీ తల్లి అని ఇంకో అమ్మాయి, నడుమ నువ్వు. అరబ్బీ పక్షాన నిలబడి, గొంతు బొంగురుపోయేదాకా వాదించానని గొప్పగా రాశావు. అరబ్బీ అంటే నీకున్న ఇష్టం నాకు తెలుసు, దాన్ని అంటించింది నేనే. కాని ఇష్టం వేరు, రుజువు వేరు. ఆ రెండింటినీ కలిపేస్తే నువ్వు చదివే చదువుకు అర్థమే లేదు పిల్లా.

అరబ్బీ తల్లి కాదు. హీబ్రూ కూడా కాదు. ఎందుకు కాదో చెప్తాను, ఈ రుజువు కంఠతా పెట్టుకో. శాంతిని అరబ్బీలో 'సలామ్' అంటారు, హీబ్రూలో 'షలోమ్' అంటారు. అరబ్బీ సకారం హీబ్రూలో షకారమైందన్నమాట. బాగానే ఉంది. మరి ఖైదీని అరబ్బీలోనూ 'అసీర్' అంటారు, హీబ్రూలోనూ 'అసీర్' అనే అంటారు. ఇక్కడ సకారం సకారంగానే ఉంది. అరబ్బీలో ఒక్కటే అయిన సకారం హీబ్రూలో ఒకచోట ష, ఇంకోచోట స ఎలా అయింది? తల్లిలో లేని తేడా కూతురికి ఎక్కడినుంచి వస్తుంది? మొదట రెండు వేరు ధ్వనులు ఉండేవి, అరబ్బీ వాటిని కలిపేసుకుంది, హీబ్రూ విడిగా ఉంచుకుంది. కాబట్టి అరబ్బీ హీబ్రూకు తల్లి కాలేదు.

ఇప్పుడు తిప్పి చూడు. మూడును అరబ్బీలో 'థలాథ' అంటారు, నాలుక కొన పళ్ళ మధ్య పెట్టి పలికే థకారంతో. మన లిపిలో రాస్తే ఆ ధ్వని రాదు, నీకు తెలుసు. హీబ్రూలో అదే 'షలోష్'. అంటే షలోమ్‌లోని ష, షలోష్‌లోని ష హీబ్రూకు ఒక్కటే, అరబ్బీకి మాత్రం ఒకటి స, ఒకటి థ. ఇక్కడ కలిపేసుకున్నది హీబ్రూ, దాచుకున్నది అరబ్బీ. కాబట్టి హీబ్రూ కూడా అరబ్బీకి తల్లి కాలేదు. ఇద్దరూ అక్కచెల్లెళ్ళు. ఒకరు పోగొట్టుకున్నది ఇంకొకరి దగ్గర భద్రంగా ఉంది. తల్లి ఏమైందంటావా? ఆవిడ ఒక్క అక్షరం కూడా రాసి పెట్టకుండానే వెళ్ళిపోయింది. పిల్లల మాటలు పక్కపక్కన పెట్టి ఆవిడ గొంతు ఎలా ఉండేదో ఊహించుకోవాల్సిందే.

అసలు ఈ భాషల కుటుంబానికున్న 'సెమిటిక్' అనే పేరే చూడు. 1781లో ష్లోట్సర్ అనే జర్మన్ పండితుడు వాడుకలోకి తెచ్చాడు. బైబిల్ ఆదికాండంలో నోవహు కొడుకు షేము ఉన్నాడు కదా, ఆయన పేరు మీద. ఆ వంశావళిని భాషల పట్టిక అనుకున్నావో, బోర్లాపడతావు. అందులో కనాను హాము సంతానం కింద ఉన్నాడు. కాని కనానీయుల భాష హీబ్రూకు తోబుట్టువే. ఏలాము షేము సంతానం కింద ఉన్నాడు. ఏలామీయుల భాషకు ఈ కుటుంబంతో చుట్టరికమే లేదు. అది రాసినవాళ్ళు రాజ్యాల పొత్తులూ పొరుగులూ చూసి రాశారు, క్రియాపదాలు చూసి కాదు. పేరు స్థిరపడిపోయింది, వాడుకుందాం. అంతకుమించి దానికి బరువివ్వకు.

నువ్వింకోమాట అన్నావు: "అరబ్బీలో పాత లక్షణాలు ఎక్కువ ఉన్నాయి కదత్తా, అంటే అదే పాతది కాదా?" ప్రశ్న మంచిదే. ఉన్నాయి, నిజమే. ఈ కుటుంబానిదే అయిన, హమ్మురాబి కాలపు మెసపొటేమియా అక్కాదీ భాషలో రాజు కర్త అయితే 'షర్రుమ్', కర్మ అయితే 'షర్రమ్', షష్ఠిలో 'షర్రిమ్'. రెండువేల ఏళ్ళకు పైగా గడిచాక, ఖురాన్ అరబ్బీలో అదే రాజు 'మలికున్, మలికన్, మలికిన్'. మాట మారింది, చివర ఉ, అ, ఇ వరస మారలేదు. మొదటిసారి ఆ రెండూ పక్కపక్కన చూసినప్పుడు నాకు ఒళ్ళు జలదరించింది. కాని పాత నగలు దాచుకున్నంత మాత్రాన ఆ ఇంట్లో ఆవిడే పెద్దదని చెప్పలేం కదా. రాతల లెక్క చూస్తే అక్కాదీ క్రీ.పూ. మూడో సహస్రాబ్దిలోనే మట్టిపలకల మీద కనిపిస్తుంది. అరబ్బీలో తేదీ తెలిసిన పేరున్న శాసనం నమారాది, క్రీ.శ. 328 నాటిది. దక్షిణ సిరియాలో 1901లో దొరికింది, ఇప్పుడు పారిస్‌లో లూవ్ర్ మ్యూజియంలో ఉంది. భాష అరబ్బీ, లిపి నబతీయులది. అంతకు ముందు నుంచీ సిరియా, జోర్డాన్ నల్లరాతి ఎడారుల్లో పశువులు మేపుకునేవాళ్ళు బండల మీద వేలకొద్దీ గీసిన చిన్నచిన్న రాతలున్నాయి. సఫాయిటిక్ అంటారు వాటిని. వాళ్ళ పేర్లు, తాతల పేర్లు, ఒంటెలు, వానకోసం ఎదురుచూపులు, పోయినవాళ్ళకోసం ఏడుపులు. వాటి భాషను కూడా అరబ్బీలో ఒక రకమనే ఇప్పుడు చాలామంది ఒప్పుకుంటున్నారు. నువ్వు అవి చదవాలి. రాజుల శాసనాలకన్నా నాకు అవే ఇష్టం.

నేను పాతబస్తీలో అరబ్బీ నేర్చుకునే రోజుల్లో మా ఉస్తాద్‌గారు మొదటి వారమంతా అక్షరాలు రాయనివ్వలేదు. గొంతు మీద చెయ్యి పెట్టుకుని 'హ'లో ఉన్న తేడాలు పలకమనేవారు. ఖలీల్ ఇబ్న్ అహ్మద్ సంగతి ఆయన దగ్గరే విన్నాను. ఎనిమిదో శతాబ్దంలో బస్రాలో అరబ్బీకి మొదటి నిఘంటువు తలపెట్టి, అలిఫ్, బే వరస పక్కనపెట్టి, గొంతు లోతుల్లో పుట్టే 'అయిన్'తో మొదలుపెట్టి పెదవులదాకా వచ్చాడు. కంఠ్యాలతో మొదలై ఓష్ఠ్యాలకు వచ్చే మన హల్లుల వరస తెలిసినదాన్ని కదా, ఆ పద్ధతి నాకు చుట్టమల్లే అనిపించింది. "పుస్తకంతో కాదమ్మా, నోటితో చదువు" అనేవారాయన. నీకూ అదే చెప్తున్నాను. పక్కగదివాళ్ళు నవ్వితే నవ్వనీ.

ఆయనే ఒక ఉత్తరం గురించి కూడా చెప్పారు. సుమారు 900 ప్రాంతంలో, ఇప్పటి అల్జీరియాలో తాహెర్త్ అనే ఊళ్ళో యహూదా ఇబ్న్ ఖురైష్ అనే యూదు పండితుడుండేవాడు. మొరాకోలో ఫెజ్ నగరపు యూదులు ప్రార్థనామందిరంలో బైబిలు అరామిక్ అనువాదం చదవడం మానేశారని తెలిసి, వాళ్ళకు పెద్ద ఉత్తరం రాశాడు. చివాట్లే! అరామిక్ మానేస్తే మీ హీబ్రూ మీకే అర్థం కాదురా అని. చివాట్లతో ఊరుకోలేదు. హీబ్రూ, అరామిక్, అరబ్బీ మాటలు పక్కపక్కన పేర్చి, ఏ అక్షరం ఎక్కడ ఏ అక్షరమవుతుందో చూపించాడు. ఆ ఉత్తరం రాసింది అరబ్బీ భాషలో, హీబ్రూ లిపిలో. మరో వందేళ్ళ తర్వాత కొర్దోవాలో ఇబ్న్ హజ్మ్ అనే ముస్లిం పండితుడు ఈ మూడూ ఒకప్పుడు ఒకే భాష అనీ, జనం ఊళ్ళు మారి చెదిరిపోతే యాసలు వేరుపడినట్టు వేరుపడ్డాయనీ రాశాడు. ఒక భాష ఇంకో భాషకన్నా గొప్పదనడం కూడా ఆయన ఒప్పుకోలేదు. నీ హాస్టల్ పిల్లలకు ఈ ఇద్దరి సంగతీ చెప్పు. వెయ్యేళ్ళ కిందటే తెమిలిన తగువు మళ్ళీ ఎందుకు?

ఇప్పుడు నీ వ్యాసం. కోప్పడతాను, ముక్కు చీదకు.

మాటల పట్టిక బాగుంది. ఎద్దు అరబ్బీలో 'థౌర్', హీబ్రూలో 'షోర్', అరామిక్‌లో 'తౌరా'. మూడు 'థలాథ', 'షలోష్', 'త్లాత'. థకారం హీబ్రూలో ష, అరామిక్‌లో త. బంగారం 'ధహబ్', 'జహావ్', 'దహబా'. అదే తీరు. అరబ్బీ 'ఆ' ఉన్నచోట హీబ్రూలో 'ఓ' వస్తుందనీ గమనించావు, సలామ్-షలోమ్, లా-లో. ఆ మార్పు ఎంత పాతదో కూడా రాయి. ఈజిప్టులో అమర్నా దగ్గర దొరికిన క్రీ.పూ. 14వ శతాబ్దపు ఉత్తరాల్లో కనాను పట్నాల రాతగాళ్ళ చేతుల్లోనే అది కనిపిస్తుంది. కాని ఆ పట్టిక చివర భూమికి అరబ్బీ మాట 'అర్ద్', ఇంగ్లీషు 'ఎర్త్' అని చేర్చావు చూడు, అది చెరిపెయ్యి. ఒక్క మాట ఒకలా వినిపిస్తే అది కాకతాళీయం. అదే ధ్వని పదిచోట్ల అదే తీరున మారితేనే చుట్టరికం. 'అర్ద్'కు హీబ్రూలో 'ఎరెత్స్', అరామిక్‌లో 'అర్‌ఆ'. వినడానికి అంత దూరంగా ఉన్నాయి, అయినా అవే అసలు చుట్టాలు.

అప్పు తెచ్చుకున్న మాటలతోనూ జాగ్రత్త. మన ఇంట్లో కుర్చీ ఉంది. ఉర్దూ 'కుర్సీ' నుంచి వచ్చింది, అది అరబ్బీ నుంచి. అరబ్బీకి అది అరామిక్ నుంచి వచ్చింది, ఆ వెనక అక్కాదీ 'కుస్సూ' ఉంది. ఇన్ని చేతులు మారి మన వరండాలోకి వచ్చినంత మాత్రాన తెలుగు సెమిటిక్ భాష అయిపోలేదు. వకీలు, జవాబు, తారీఖు, అసలు, నకలు, అన్నీ అలా వచ్చినవే. ఇది తెలుగులో నీకు వెంటనే తెలుస్తుంది. అరబ్బీ, అరామిక్‌ల మధ్య తెలుసుకోవడమే కష్టం. అక్కచెల్లెళ్ళు ఒకరి చీరలు ఒకరు కట్టుకుంటే ఎవరిది ఏదో ఎలా చెప్తావు? ధ్వని నియమం తప్పిన మాట కనిపిస్తే అప్పు అని అనుమానించు.

అసలు తప్పు రెండో భాగంలో ఉంది. అరబ్బీ హీబ్రూకన్నా ఇథియోపియా గీజ్ భాషకే దగ్గరని తేల్చేశావు. కారణాలు రెండు చూపించావు. ఒకటి, లోపలి అచ్చులు మారే బహువచనాలు: అరబ్బీలో 'కితాబ్' పుస్తకం, 'కుతుబ్' పుస్తకాలు. గీజ్‌లో 'బేత్' ఇల్లు, 'అబ్యాత్' ఇళ్ళు. రెండు, హీబ్రూలో పకారం ఉన్నచోట అరబ్బీ, గీజ్ రెండింటిలోనూ ఫకారం ఉంది. నిన్ను పూర్తిగా తప్పుపట్టలేను. పెద్దపెద్ద పండితులు చాలాకాలం అలాగే అనుకుని అరబ్బీని 'దక్షిణ సెమిటిక్'లో పెట్టారు. కాని 1970లలో రాబర్ట్ హెట్జ్రాన్ అనే ఆయన ఒక సూటి ప్రశ్న వేశాడు: ఆ రెండింటికీ ఉమ్మడిగా ఉన్నది తాతలనాటి ఆస్తా, లేక వాళ్ళిద్దరూ కలిసి కొత్తగా సంపాదించిందా?

బహువచనాలు తాతలనాటివి కావచ్చు. హీబ్రూలోనూ వాటి ఆనవాళ్ళున్నాయని చూపిస్తారు. అందరికీ వచ్చిన ఆస్తిని ఇద్దరు నిలుపుకుని మిగతావాళ్ళు పోగొట్టుకుంటే, ఆ ఇద్దరూ దగ్గరివాళ్ళు అయిపోరు. పకారం ఫకారం కావడం ఇరుగుపొరుగు భాషల మధ్య ఒకదాన్నుంచి ఒకదానికి పాకే మార్పు. మరి కలిసి సంపాదించింది ఏది? వర్తమాన క్రియ చూడమన్నాడు. అక్కాదీలో 'ఇపర్రస్', నడిమి హల్లు రెట్టిస్తుంది. గీజ్‌లో 'యినగ్గర్', అక్కడా రెట్టిస్తుంది. మెసపొటేమియా ఎక్కడ, ఇథియోపియా ఎక్కడ! అంత దూరాన ఉన్న ఇద్దరిలో ఒకే పద్ధతి ఉందంటే అది పాతదై ఉండాలి. నడుమనున్న అరబ్బీ 'యక్తుబు' అంటుంది, హీబ్రూ 'యిఖ్తోవ్' అంటుంది, అరామిక్ కూడా అదే బాట. రెట్టింపు పోయింది. అరబ్బీలో చివర 'ఉ' కనిపిస్తోందా? ఆ 'ఉ' తగిలించి కొత్త వర్తమానం కట్టుకున్నారు వీళ్ళు ముగ్గురూ. అందుకని అరబ్బీని హీబ్రూ, అరామిక్‌లతో కలిపి 'మధ్య సెమిటిక్'లో పెట్టాడు. ఇప్పటికీ కాదనేవాళ్ళు కొందరున్నారు, కాని ఎక్కువమంది ఈ దారినే నడుస్తున్నారు.

ఇది నీకు కొత్తగా ఉండాల్సిన పనేలేదు తల్లీ, మన ఇంటి సంగతే. తెలుగులో పాలు, తమిళంలో పాల్, కన్నడంలో హాలు. పులి, పులి, హులి. పకారం చూసి తీర్పు చెప్తే తెలుగూ తమిళమూ దగ్గర, కన్నడం దూరం అవ్వాలి. కాని కన్నడమే తమిళానికి దగ్గర. పాత కన్నడంలోనూ పకారమే ఉండేది, ఆ తర్వాత హకారమైంది. తెలుగు గోండి, కువి, కొండ భాషలతో కలిసి వేరే కొమ్మ మీద ఉంది. ఆ కొమ్మను తేల్చినవారు మన ఉస్మానియాలో పాఠాలు చెప్పిన భద్రిరాజు కృష్ణమూర్తిగారు. ఆయన చూసింది పోలికలను కాదు, కలిసి చేసుకున్న మార్పులను. ఆయన పుస్తకం నీ బల్లమీద ఉండాలి. లేకపోతే నాది పంపిస్తాను, గీతలు పెట్టకుండా తిరిగి ఇవ్వాలి. సరే, పెన్సిల్‌తో పెట్టుకో.

ఇంకొన్ని మాటలు, విసుక్కోకుండా విను.

నీ పట్టికను నువ్వే నమ్మేయకు. 1857లో అక్కాదీ రాత నిజంగా చదవగలుగుతున్నారా అని లండన్‌లో చాలామందికి అనుమానం. అప్పుడు అక్కడి రాయల్ ఏషియాటిక్ సొసైటీ ఒకే శాసనాన్ని రాలిన్సన్, హింక్స్, టాల్బట్, ఓపర్ట్ అనే నలుగురితో విడివిడిగా అనువదింపజేసింది. కవర్లు విప్పితే ముఖ్యమైన చోట్లన్నీ కలిశాయి. నీ పట్టికలోని మాటలు స్నేహితురాలికిచ్చి తనను విడిగా చెయ్యమను. కలవని చోట పోట్లాడకుండా కూర్చుని చూడండి.

చిన్న భాషలను చిన్నచూపు చూడకు. యెమెన్, ఒమాన్‌లలో మెహ్రీ, సొకోత్రీ మాట్లాడే జనం ఉన్నారు. అవి చెడిపోయిన అరబ్బీ కాదు, వేరే అక్కచెల్లెళ్ళు. మొదట ఉన్న మూడు రకాల సకారాల్లో అరబ్బీ ఒక జతను, హీబ్రూ ఇంకో జతను కలిపేసుకున్నాయి, వాళ్ళ నోళ్ళలో మాత్రం ఆ మూడూ ఇంకా విడిగా ఉన్నాయి. మాల్టా దీవివాళ్ళ భాష చూడు, లాటిన్ లిపిలో రాస్తారు, జనంలో ఎక్కువమంది కాథలిక్కులు, దేవుణ్ణి మాత్రం 'అల్లా' అనే పిలుస్తారు. పాత అరబ్బీ యాసలోంచి పెరిగిన భాష అది. మతాన్ని బట్టీ లిపిని బట్టీ భాషకు కులం కట్టేవాళ్ళు ఎదురైతే మాల్టాను గుర్తుచెయ్యి.

పుస్తకాల అరబ్బీ వచ్చని మిడిసిపడకు. మన కోనసీమ నుంచి, కడప నుంచి కువైట్ వెళ్ళి ఇళ్ళల్లో పనిచేసి వచ్చినవాళ్ళున్నారు. కాఫీని 'గహ్వా' అంటారు, కుక్కను 'చల్బ్' అంటారు. నీ వ్యాకరణం 'ఖహ్వా', 'కల్బ్' అంటుంది. వాళ్ళను సరిదిద్దావంటే ఊరుకోను. కువైట్ జనం మాట్లాడేది అదే. గ్రాంథికం పరీక్షల్లో రాసి, ఇంట్లో వాడుకభాష మాట్లాడిన జాతి మనది. మనకు తెలియకపోతే ఎవరికి తెలుస్తుంది? వాళ్ళ దగ్గర కూర్చుని విను, రాసుకో.

అరబ్బీ, హీబ్రూ పేరెత్తగానే జనానికి యుద్ధాలు గుర్తొస్తాయి. నీతో వాదించే పిల్లల మాటల వెనక కూడా అదే ఉండొచ్చు, నొప్పి కూడా ఉండొచ్చు. గెలవాలని చూడకు. సలామ్, అసీర్ రెండు మాటలూ కాగితం మీద రాసి చూపించు. మిగతాది వాళ్ళే ఆలోచించుకుంటారు.

సెలవులకు ఇక్కడికి రా. 1888లో హైదరాబాదులో మొదలైన దాయిరతుల్ మఆరిఫ్ ఉస్మానియా ఆవరణలోనే ఉంది. ఎక్కడెక్కడి అరబ్బీ రాతప్రతులనో సరిచూసి అచ్చువేసిన చోటు. తీసుకెళ్తాను. సాయంత్రం బార్కస్ వెళ్దాం. నిజాం సైన్యంలో చేరడానికి హద్రమౌత్ నుంచి వచ్చిన అరబ్బుల మనవలు, మునిమనవలు ఉండే పేట. కబుర్లూ వినొచ్చు, కడుపూ నిండుతుంది. మీ నాన్ననూ రమ్మంటాను. నువ్వు చదివేది ఏమిటో వాడికి ఒక్కసారి కళ్ళతో చూపిస్తే ఆ విసుగు తగ్గుతుంది.

ఈలోపు రెండో భాగం తిరగరాసి పంపు. వ్యాసంలో ఎక్కడైనా అరబ్బీ తల్లి అన్నమాట కనిపించిందో, చింపి పారేస్తాను. సరే, చింపనులే. ఎర్రసిరాతో కొట్టేసి, పక్కన ఎందుకో రాసి పంపిస్తాను.

ఆశీస్సులతో,
మీ రాజ్యం అత్త